కారు స్టీరియోలో ఇంజిన్ కూత: రొద జాడ పట్టే పద్ధతి

ఒక పాట ముగిసి మరో పాట అందుకునే సందులో అది బయటపడుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే స్పీకర్లలో సన్నని ఈల పైకి లేస్తుంది, కాలు తీస్తే కిందికి జారుతుంది. గేరు మారిన ప్రతిసారీ దాని స్థాయీ మారుతుంది. కొత్త యాంప్లిఫయర్ బిగించిన మర్నాడే ఇది వినబడితే నింద దాని మీదే పడుతుంది. దాన్ని మార్చి చూస్తారు, ఈల పోదు. ఖరీదైన సిగ్నల్ వైర్లు వేస్తారు, అప్పుడూ పోదు. చివరికి ఏదో ఒక ఫిల్టరు తెచ్చి తగిలిస్తారు. ఈల కొంత తగ్గుతుంది, దాంతోపాటే పాటలోని బేసూ తగ్గుతుంది.

ఇలాంటి రొదల్లో చాలావాటి వెనక పాడైపోయిన పరికరమంటూ ఏదీ ఉండదు. కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి ఎక్కడో ఇరుకై ఉంటుంది. ఆ ఇరుకులో పట్టనిది పాట నడిచే వైరులోకి చొరబడుతుంది. ఈ సంగతి పట్టుబడితే వెతుకులాట తీరే మారిపోతుంది: కొత్త వస్తువులు చేర్చుకుంటూ పోవడం మాని, ఉన్నవాటిని ఒక్కొక్కటిగా విడదీసి వింటూ పోవచ్చు. సిగ్నల్ నడిచే గొలుసును మధ్యలో తెంపి, రొద ఏ సగంలో మిగిలిందో చూసి, ఆ సగాన్ని మళ్లీ తెంపాలి. ఇలా నాలుగైదు సార్లు చేసేసరికి మిగిలేది ఒక్క అతుకు మాత్రమే.

ముందు చెవితో పని

పనిముట్లు తీయకముందే చెవికి అందే సమాచారం చాలా ఉంటుంది. ఇంజిన్ వేగంతో పాటు పైకీ కిందికీ జారే ఈల ఆల్టర్నేటర్‌ది, అంటే ఇంజిన్ తిప్పుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రానిది. ఇంజిన్ వేగంతో పాటు చిక్కబడే టకటకలు స్పార్క్ ప్లగ్గులవి. డీజిల్ బండిలో స్పార్కు ప్లగ్గులే ఉండవు కాబట్టి అక్కడ ఈ అనుమానానికి చోటే లేదు. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆగినప్పుడు, రెండు మూడు క్షణాలు జుయ్యిమని ఆగిపోయే శబ్దం వస్తే అది పెట్రోలు ట్యాంకులోని పంపుది. ఇండికేటర్ వేస్తే దానితో లయగా టిక్కుటిక్కుమంటోందా, బ్రేకు తొక్కినప్పుడు టప్పుమంటోందా అన్నవీ జాడలే. బ్రేకు లైట్ల ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లేందుకు వేసే వైరు), యాంప్లిఫయర్ ఎర్త్ డిక్కీలో ఒకే బోల్టును పంచుకుంటున్నాయేమో చూడమని ఆ టప్పు చెబుతోంది. ఇంజిన్ ఆపినా, వేగం పెంచినా తేడా లేకుండా ఒకే తీరున వచ్చే బుస మాత్రం వేరే కుటుంబానిది. దాని సంగతి తరవాత.

అన్నిటిలోకీ ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది ఆల్టర్నేటర్ ఈల మీద. అది అంతగా చెవికి ఎందుకు తగులుతుందో లెక్క వేసి చూడవచ్చు. కారు ఆల్టర్నేటర్‌లో పుట్టేది మూడు ఫేజుల ఏసీ. కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే లోపలి ఆరు డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. అలా మారిన డీసీ బ్యాటరీ ఇచ్చేదంత నున్నగా ఉండదు, పైన చిన్న చిన్న అలలు మిగిలిపోతాయి. ఏసీ ఒక్కసారి పైకి లేచి కిందికి దిగి మొదటికి వచ్చేలోపు ఆరు అలలు పుడతాయి. లోపల తిరిగే భాగమైన రోటర్‌లో 12 అయస్కాంత ధ్రువాలుంటే ఒక చుట్టుకు అలాంటి ఆవృత్తులు ఆరు, అంటే 36 అలలు. ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోపు ఆల్టర్నేటర్ పుల్లీ రెండున్నర చుట్లు తిరుగుతుందనుకుందాం. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఆల్టర్నేటర్ 2,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 33 పైచిలుకు. దాన్ని 36తో గుణిస్తే 1,200 హెర్ట్జ్. ఇంజిన్ 3,000 చుట్లకు చేరితే 4,500 హెర్ట్జ్. మనిషి చెవి బాగా చురుగ్గా ఉండేది సుమారుగా 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. రోడ్డు మీద మామూలు వేగంలో పోతున్న బండి ఆల్టర్నేటర్ సరిగ్గా అక్కడే కూర్చుని ఈల వేస్తుంది.

ఈ లెక్కకు మరో ఉపయోగం ఉంది. ఆరు డయోడ్లలో ఒకటి తెగిపోతే అలల వరుసలో ప్రతి ఆవృత్తికీ ఒక పెద్ద గుంట పడుతుంది. అప్పుడు శబ్దం ఆరో వంతుకు, అంటే 1,200 నుంచి 200 హెర్ట్జ్ ప్రాంతానికి దిగుతుంది. సన్నని ఈల పోయి గుర్రుమనే మోత వస్తుంది. ఎన్నాళ్లుగానో నిశ్శబ్దంగా ఉన్న స్టీరియో హఠాత్తుగా ఇలా గుర్రుమంటే, పాటల వ్యవస్థను ముట్టుకోకుండా ముందు ఆల్టర్నేటర్‌ను పరీక్షించాలి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ రెండు కొనల మధ్య కొలవాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులు ఉండటం మామూలే. అర వోల్టు దాకా వస్తే డయోడ్ల మీద అనుమానపడాల్సిందే. ఇక్కడ చవక మీటర్లతో ఒక చిక్కు ఉంది: కొన్ని డీసీని కూడా ఏసీగా లెక్కగట్టి ఇరవై పైచిలుకు అంకె చూపిస్తాయి. ఇంజిన్ ఆపి, అదే అమరికలో బ్యాటరీని ఒకసారి కొలిస్తే మీటరు నిజాయతీ తేలిపోతుంది. ఆపిన బండిలో దాదాపు సున్నా రావాలి.

ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ వైరు ఊడదీసే పాత అలవాటు ఒకటి ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది. ఆ క్షణంలో ఆల్టర్నేటర్ వోల్టేజీ 80 దాకా ఎగబాకగలదు. స్టీరియోతో పాటు ఇంజిన్ కంప్యూటర్ కూడా కాలిపోయే అవకాశం ఉంది. ఆ పరీక్షను పూర్తిగా మరిచిపోవడం మేలు.

బాడీ ఎర్త్ అనే భ్రమ

అలలు ప్రతి కారులోనూ ఉంటాయి. కంపెనీ స్టీరియోలో అవి వినబడవు, అదనపు యాంప్లిఫయర్ పెట్టగానే వినబడతాయి. ఎందుకని?

కారులో దాదాపు ప్రతి పరికరానికీ ప్లస్ వైరు విడిగా వస్తుంది. మైనస్ వైపు మాత్రం కారు బాడీయే వైరు. ఇంత పెద్ద ఇనుప డొక్కు కదా, ఎక్కడ తాకించినా బ్యాటరీ మైనస్‌తో సమానమేనన్న నమ్మకం ఇక్కడి నుంచే వచ్చింది. అయితే బాడీ ఒకే రేకు కాదు. రేకులు, వెల్డింగు అతుకులు, బోల్టులు, వాటి మధ్య రంగు, సీలెంటు, తుప్పు అన్నీ కలిస్తేనే బాడీ. డిక్కీలోని బోల్టుకూ బ్యాటరీకీ మధ్య ఒక ఓములో నూరో వంతు అడ్డు ఉందనుకుందాం. అందులోంచి 20 ఆంపియర్లు పోతే 0.2 వోల్టుల తేడా వస్తుంది. దీపానికి ఇది లెక్కలోకే రాదు. స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే సిగ్నల్ సంగతి వేరు. అది గరిష్ఠంగా రెండు నుంచి నాలుగు వోల్టులు, నెమ్మదిగా వింటున్నప్పుడు వోల్టులో పదో వంతు కూడా ఉండదు. దాని పక్కన 0.2 వోల్టులంటే కొండంత.

ఆ తేడా సిగ్నల్‌లోకి చేరే దారి ఇది. స్టీరియో ఎర్త్ డాష్‌బోర్డు వెనక ఒక చోట, యాంప్లిఫయర్ ఎర్త్ డిక్కీలో మరో చోట. రెండింటినీ సిగ్నల్ మోసే ఆర్‌సీఏ వైరు కలుపుతోంది. ఆ వైరులో మధ్య తీగ మీద పాట వెళ్తుంటే, చుట్టూ ఉన్న అల్లిక రెండు పరికరాల ఎర్త్‌లనూ ముడివేస్తుంది. డిక్కీ ఎర్త్‌కూ డాష్‌బోర్డు ఎర్త్‌కూ వోల్టేజీ తేడా ఉంటే ఆ అల్లికలోంచి కరెంటు పారుతుంది. బాడీలోంచి ఒక దారి, అల్లికలోంచి మరో దారి, రెండూ కలిసి ఒక ఉచ్చు. గ్రౌండ్ లూప్ అని పిలిచేది దీన్నే. యాంప్లిఫయర్ చూసేది మధ్య తీగకూ అల్లికకూ ఉన్న తేడాను. అల్లిక మీద ఆల్టర్నేటర్ అలలు ఊగుతుంటే అవీ పాటలో భాగమేననుకుని పెంచి స్పీకర్లకు పంపుతుంది. కంపెనీ స్టీరియోలో యాంప్లిఫయర్ అదే డబ్బాలో ఉంటుంది కాబట్టి, ఎర్త్ ఒక్కటే కాబట్టి, ఉచ్చు పడటానికి రెండో కొస లేదు.

సిగ్నల్ వైర్లూ పవర్ వైరూ పక్కపక్కనే పోవడం వల్లే ఈల వస్తుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. వాటిని కారుకు చెరో పక్కనా లాగడం మంచి అలవాటే. తప్పనిసరిగా కలిసేచోట అడ్డంగా దాటించడం ఇంకా మంచిది. అయినా ఎర్త్ తిన్నగా లేని బండిలో వైర్లను మూరెడు దూరం జరిపి ఈల పోతుందని ఆశించడం దండగ. నిజంగా వైర్ల దారే కారణమా అని తేల్చుకోవడానికి కార్పెట్లు పీకక్కర్లేదు. మరో ఆర్‌సీఏ వైరు తీసుకుని సీట్ల మీదుగా గాల్లో లాగి తాత్కాలికంగా తగిలిస్తే చాలు. రొద పోతే దారిదే తప్పు, పోకపోతే పాత వైరును ఉన్నచోటే ఉండనివ్వవచ్చు.

గొలుసును తెంపుతూ పోవడం

మొదటి పరీక్షకు పనిముట్టేమీ అక్కర్లేదు. ఇంజిన్ నడుపుతూ స్టీరియో వాల్యూమ్ పూర్తిగా తగ్గించాలి. పాట ఆగిపోయినా ఈల అంతే బిగ్గరగా ఉంటే, అది వాల్యూమ్ నియంత్రణ దాటిన తరవాత చేరుతోందన్నమాట: ఆర్‌సీఏ వైర్లు, యాంప్లిఫయర్, దాని ఎర్త్, లేదా స్టీరియో అవుట్‌పుట్ దగ్గర. వాల్యూమ్‌తో పాటు ఈల కూడా పెరిగి తగ్గుతుంటే అది స్టీరియోకు ముందే ఉంది, అంటే ఫోనులో, ఫోను నుంచి స్టీరియోకు పాట మోసే ఆక్స్ వైరులో లేదా రేడియో యాంటెన్నాలో. ఈ ఒక్క పరీక్షతో సగం కారును పక్కన పెట్టేయవచ్చు. దీన్ని వదిలేసి నేరుగా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లే ఎక్కువ.

రెండో పరీక్షకు ఒక చిన్న ప్లగ్గు తయారు చేసుకోవాలి. ఖాళీ ఆర్‌సీఏ ప్లగ్గులో మధ్య సూదినీ బయటి గొట్టాన్నీ చిన్న తీగతో కలిపేస్తే అయిపోయింది. యాంప్లిఫయర్ ఆపి, దాని ఇన్‌పుట్ నుంచి సిగ్నల్ వైర్లు తీసి, వాటి స్థానంలో ఈ ప్లగ్గులు దూర్చి మళ్లీ ఆన్ చేయాలి. యాంప్లిఫయర్ నోటికి చెయ్యి అడ్డుపెట్టడం లాంటిదే ఇది. లోపలికి వెళ్లేది సున్నా సిగ్నల్ అని ఇప్పుడు ఖాయం. అయినా ఈల వస్తే తప్పు యాంప్లిఫయర్‌లో ఉండవచ్చు, దాని పవర్ వైర్లలో ఉండవచ్చు, స్పీకర్ల వైపు ఉండవచ్చు. ఈల ఆగిపోతే యాంప్లిఫయర్, దాని తరవాతి భాగం నిర్దోషులు. ఆన్‌లో ఉండగా మాత్రం ప్లగ్గులు పీకడం, దూర్చడం చేయకూడదు. వచ్చే ఒక్క టప్పుతో ట్వీటర్లు, అంటే సన్నని శబ్దాలు పలికించే చిన్న స్పీకర్లు, పోగలవు. అంతకన్నా సూక్ష్మమైన నష్టం కూడా ఒకటి ఉంది, దాని గురించి కింద.

ప్లగ్గు పరీక్షలో యాంప్లిఫయర్ నెగ్గితే మూడో అడుగు: ఛార్జరుకు తగిలించని ఫోనును, అంటే పూర్తిగా తన బ్యాటరీ మీదే నడుస్తున్న ఫోనును, తగిన వైరుతో నేరుగా యాంప్లిఫయర్‌కు కలపాలి. ఫోనుకు కారు బాడీతో సంబంధం లేదు కాబట్టి ఉచ్చు పడే వీలు లేదు. పాట శుభ్రంగా వస్తే మిగిలింది ఆర్‌సీఏ వైరు, స్టీరియో. ఇప్పుడు అదే ఫోనును స్టీరియో వైపు ఉన్న వైరు కొసకు తగిలించి చూస్తే వైరు సంగతీ తేలుతుంది. మధ్యలో ఈక్వలైజర్, క్రాసోవర్ లాంటి పాటను సర్దే డబ్బాలు ఉంటే ఒక్కొక్క దాన్నీ తప్పించి ఇదే పని చేయాలి. ప్రతి డబ్బా తనకంటూ ఒక ఎర్త్ తెచ్చుకుంటుంది, ప్రతి ఎర్త్ ఒక కొత్త ఉచ్చుకు అవకాశం.

అవకాశాల జాబితాలో తరచూ మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి యాంటెన్నా. దాని వైరు పై అల్లిక బయట బాడీకి, లోపల స్టీరియో డొక్కుకు తగులుతుంది. స్టీరియో వెనక యాంటెన్నా ప్లగ్గు లాగగానే ఈల ఆగితే దొంగ దొరికినట్టే. రెండోది యాంప్లిఫయర్ డొక్కు. దాన్ని నేరుగా బాడీ రేకుకు స్క్రూలతో బిగిస్తే కొన్ని నమూనాల్లో స్క్రూలే రెండో ఎర్త్ అవుతాయి. కింద చెక్క పలకో రబ్బరు వాషర్లో వేస్తే పోయే బాధ ఇది.

బోల్టు కింద రంగు పొర

ఎక్కువ బండ్లలో వెతుకులాట చివరికి చేరేది యాంప్లిఫయర్ ఎర్త్ బోల్టు దగ్గరికే. విప్పి చూస్తే కథ అర్థమవుతుంది. రింగు టెర్మినల్ కింద కారు రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కరెంటు రేకులోకి వెళ్లింది రింగు అడుగు నుంచి కాదు, బోల్టు మరల అంచుల్లోంచి, అదీ అక్కడక్కడా గీసుకుపోయిన సూది మొనంత చోట్ల నుంచి. బిగించినప్పుడు బాగానే ఉంటుంది. నాలుగు నెలల కుదుపులకూ తేమకూ ఆ మొనలు మసకబారతాయి. అందుకే మొదట్లో లేని ఈల తరవాత మొదలవుతుంది, వానాకాలంలో ఎక్కువవుతుంది, డిక్కీ తలుపు గట్టిగా వేస్తే ఒక్కోసారి మాయమవుతుంది.

ఈ అతుకును ఓములలో కొలిచి మంచిదని తేల్చడం పొరపాటు. మామూలు మల్టీమీటర్ వైర్లకే పదో వంతు ఓములు రెండు మూడుంటాయి. వెతుకుతున్నది అందులో పదో వంతు, ఇరవయ్యో వంతు. దానికి పనికొచ్చే కొలత వోల్టేజీ పతనం. ఇంజిన్ నడుస్తూ, పాట బిగ్గరగా మోగుతూ ఉండగా, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి ఒక కొన యాంప్లిఫయర్ మైనస్ టెర్మినల్‌కు, రెండో కొన పొడవాటి వైరుతో బ్యాటరీ మైనస్‌కు తాకించాలి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది. అర వోల్టు చూపిస్తే ఎక్కడో గండి ఉంది. ఎక్కడో తెలియాలంటే కొలతను ముక్కలు చేయాలి. టెర్మినల్ నుంచి రింగు దాకా, రింగు నుంచి పక్కనే గీసిన నగ్న లోహం దాకా, ఆ లోహం నుంచి బ్యాటరీ దాకా. ఏ ముక్క దగ్గర అంకె ఎగిరితే బాగుచేయాల్సింది అదే.

బాగుచేయడం సులువు, ఓపిక ఉండాలంతే. బ్యాటరీ మైనస్ ముందు తీసేయాలి. ఉప్పుకాగితంతో రింగు వెడల్పుకు మించి రంగు గీకాలి, వెండిలా మెరిసేదాకా. రంగు కింద ఇంకో బూడిద రంగు ప్రైమర్ పొర ఉంటుంది, చాలామంది అక్కడ ఆగిపోతారు. పళ్లున్న వాషర్ వేసి బిగించి, ఆ తరవాత పైన రంగో గ్రీజో పూయాలి. బిగించకముందే పూస్తే మొదటికి వస్తుంది. వైరు పవర్ వైరంత లావు, పొడవు ఒక మూరకు మించకుండా ఉండాలి. సీటు బెల్టు బోల్టును ఎర్త్‌కు వాడకూడదు. అది ప్రాణాలకు సంబంధించిన బోల్టు, పైగా దాని మర మీద తరచూ అంటు పూత ఉంటుంది. డ్రిల్లుతో కొత్త రంధ్రం చేస్తే రేకు అవతల పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టం లేవని ముందు వంగి చూసుకోవాలి.

డిక్కీలో అన్నీ సరిగా ఉన్నా కొలత తేడాగానే వస్తే బానెట్ తెరవాలి. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, బాడీకి దాన్ని కలిపేది ఒక అల్లిక పట్టీ. నూనె, తుప్పు పట్టి ఆ పట్టీ నలిగిపోతే ఆల్టర్నేటర్ కరెంటు తిరుగుదారి అంతా కుంటుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ దిమ్మకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య తేడా సుమారు 0.2 వోల్టులు దాటితే పట్టీ మార్చే సమయం వచ్చినట్టు. పాత బండ్లలో అదనపు యాంప్లిఫయర్ లేని స్టీరియో కూడా ఈల వేస్తుంటే అనుమానం మొదట దీని మీదకే వెళ్లాలి.

స్టీరియో లోపల తెగిన వెంట్రుక

ఇప్పుడు ఆ సూక్ష్మమైన నష్టం. చాలా స్టీరియోల్లో ఆర్‌సీఏ అవుట్‌పుట్ బయటి గొట్టాన్ని లోపలి ఎర్త్‌కు కలిపేది వెంట్రుక లాంటి సన్నని ఫ్యూజో, సర్క్యూట్ బోర్డు మీది సన్నని గీతో. పవర్ ఉండగా ఆర్‌సీఏ ప్లగ్గులు పీకినా, యాంప్లిఫయర్ ఎర్త్ వదులై దాని కరెంటంతా అల్లిక గుండా పోయినా ఈ వెంట్రుక కాలిపోతుంది. పాట మామూలుగానే వస్తుంది, ఈల మాత్రం తోడవుతుంది. అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న వ్యవస్థ ఏదో చిన్న మరమ్మతు తరవాత కూత మొదలుపెట్టిందంటే కారణం తరచూ ఇదే. పరీక్ష: స్టీరియో ఆపి, ఆర్‌సీఏ వైర్లు తీసి, గొట్టానికీ స్టీరియో డొక్కుకూ మధ్య ఓములు చూడాలి. దాదాపు సున్నా రావాలి. అసలు కలవకపోతే తెగినట్టే. తాత్కాలికంగా గొట్టం చుట్టూ ఒక తీగ చుట్టి డొక్కు స్క్రూకు కలిపితే ఈల ఠక్కున ఆగుతుంది. అసలైన మరమ్మతు సోల్డరింగు తెలిసినవారి చేత చేయించాలి. అంతకన్నా ముందు, అది ఎందుకు తెగిందో తెలుసుకోవాలి. యాంప్లిఫయర్ ఎర్త్ వదులుగానే ఉంటే కొత్త వెంట్రుకకూ అదే గతి.

బుస, ఫోను, రేడియో

ఇంజిన్‌తో సంబంధం లేని బుస దగ్గరికి వస్తే, ఎక్కువసార్లు దానికి కారణం యాంప్లిఫయర్ మీది గెయిన్ మరను వాల్యూమ్ అనుకుని తిప్పేయడం. ఎంత సిగ్నల్ వస్తే యాంప్లిఫయర్ పూర్తి శక్తి ఇవ్వాలో చెప్పేది ఆ మర. నాలుగు వోల్టులు ఇచ్చే స్టీరియోకు 0.2 వోల్టుల గుర్తు దగ్గర పెడితే అవసరానికి 20 రెట్లు, అంటే 26 డెసిబెల్‌లు ఎక్కువ పెంచమని చెప్పినట్టు. పాటతో పాటు ప్రతి చిన్న గరగరా పెరుగుతుంది. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, గెయిన్‌ను అడుగు నుంచి మెల్లగా పెంచుతూ, పాట పగిలే చోటికి కొంచెం ముందే ఆపాలి. ఆల్టర్నేటర్ ఈల కూడా దీనితో తగ్గినట్టనిపిస్తుంది, కానీ తగ్గింది వినికిడే. ఉచ్చు అలాగే ఉంటుంది.

ఫోను ఆక్స్ వైరుతో పాట పాడుతూ, అదే కారు ఛార్జరు మీద ఛార్జ్ అవుతుంటే వచ్చే కిచకిచ ఈ మధ్య తరచూ వినబడే ఫిర్యాదు. ఛార్జరు ఎర్త్ ఒకవైపు, ఆక్స్ ఎర్త్ ఒకవైపు, మధ్యలో ఫోను. పెద్ద వ్యవస్థలో జరిగే కథే అరచేతిలో జరుగుతోంది. ఛార్జరు పీకగానే ఆగితే రుజువైనట్టు. బ్లూటూత్ రిసీవర్ కొంటే పోతుందని చాలామంది అనుకుంటారు. ఆ రిసీవర్‌కు పవర్ కూడా అదే సాకెట్ నుంచి ఇచ్చి ఆక్స్‌లో పెడితే ఉచ్చు మళ్లీ తయారు. స్టీరియోలోనే బ్లూటూత్ ఉంటే మాత్రం సమస్యే ఉండదు. ఇక ఫోను మోగే ముందు స్పీకర్లలో వచ్చే డిగడిగ శబ్దం వేరు. అది 2జీ ఫోను సెకనుకు 217 సార్లు విడతలుగా ప్రసారం చేసేటప్పుడు పుట్టేది. ఫోనును వైర్ల నుంచి జానెడు దూరం పెడితే చాలు.

రేడియో పెట్టినప్పుడు మాత్రమే వచ్చే గరగర యాంటెన్నా ద్వారా గాలిలోంచి వస్తుంది. కారు రేడియోలు కొత్తగా వచ్చిన 1930 నాటికే ఇది తలనొప్పి. స్పార్కు ప్లగ్గు స్వయంగా ఒక చిన్న ట్రాన్స్‌మిటర్. ఇప్పటి ప్లగ్గుల్లో సుమారు ఐదు వేల ఓముల రెసిస్టర్ పెట్టి దాని నోరు నొక్కుతున్నారు. ప్లగ్గులు మార్చాక రేడియో టకటకలాడితే రెసిస్టర్ లేని రకం వేశారేమో చూడాలి. కొత్తగా చేరిన నేరస్థులు చవక యూఎస్‌బీ ఛార్జర్లు, డాష్ కెమెరా అడాప్టర్లు, బజారు ఎల్‌ఈడీ బల్బులు. ఒక్కొక్కటీ పీకి వినడం తప్ప దీనికి తెలివైన పద్ధతి లేదు. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటరే ఉండదు కాబట్టి ఈల పాఠం అక్కడ చెల్లదు. అయితే మోటారును నడిపే ఇన్వర్టర్ రొద ఏఎం రేడియోకు ఎంత ఇబ్బందంటే, కొందరు తయారీదారులు తమ విద్యుత్ కార్లలో ఏఎంనే తీసేశారు.

ఫిల్టర్లకు చోటు ఎక్కడ

సిగ్నల్ వైరు మధ్యలో పెట్టే ఐసొలేటర్‌లో ఉండేది రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. పాట అయస్కాంత క్షేత్రం మీదుగా దాటుతుంది, ఎర్త్ దాటలేదు. ఉచ్చు నిజంగానే తెగుతుంది. దానికి చెల్లించే మూల్యం బేసు. చిన్న ఇనుప గుండె ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ తక్కువ ఫ్రీక్వెన్సీలను బిగ్గరగా మోయలేదు. ఆక్స్ వైరుకు ఇది తగిన పరిష్కారమే, సబ్‌వూఫర్‌కు వెళ్లే దారిలో పెడితే డబ్బు పెట్టి కొన్న బేసును చేతులారా తీసేసినట్టు. పవర్ వైరులో పెట్టే తీగచుట్ట ఫిల్టరు స్టీరియోకు పవర్ ద్వారానే అలలు వస్తున్నాయని తేలినప్పుడు పనికొస్తుంది. స్టీరియోను విడి బ్యాటరీ మీద నడిపి చూస్తే అది తేలుతుంది. ఇక కరెంటును కాస్త నిలవ ఉంచే పెద్ద ఫారడ్ కెపాసిటర్ ఈల మందుగా అమ్ముడుపోవడం ఒక వింత. అది బేసు కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోకుండా కొంత ఆదుకుంటుంది, అల్లికలో పారే కరెంటును అది చూడను కూడా చూడదు.

అంతా అయ్యాక చివరి పరీక్షను తేలికపాటి పరిస్థితిలో చేయకూడదు. ఇప్పటి చాలా కార్లలో ఛార్జింగ్‌ను కంప్యూటర్ నడుపుతుంది. బ్యాటరీ నిండి ఉంటే ఆల్టర్నేటర్ దాదాపు విశ్రాంతి తీసుకుంటుంది, ఈల లేనట్టే ఉంటుంది, మర్నాడు లైట్లు వేయగానే తిరిగొస్తుంది. అందుకని హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు, ఏసీ ఫ్యాను అన్నీ వేసి, వాల్యూమ్ సున్నా చేసి, ఇంజిన్‌ను 3,000 చుట్ల దాకా మెల్లగా పెంచి దించాలి. అప్పుడు కూడా ట్వీటరుకు చెవి ఆనిస్తే ఒక సన్నని బుస వినబడుతుంది. అది యాంప్లిఫయర్ సొంత ఊపిరి. డ్రైవరు సీట్లోకి జరిగి కూర్చున్నాక వినబడకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.